ఓడ ఎవరిది?

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మా పురుషోత్తంపూర్‌లో జనం ఋషికుల్యలో బొమ్మ పడవలు వదులుతారు. అరటి డొప్పలు, కాగితాలు, ఈమధ్య థర్మోకోల్. ఒడియావారికది పూర్వపు సముద్ర వర్తకుల జ్ఞాపకం. "వాళ్ళ పండుగ, మనకెందుకు?" అంటారు మనవాళ్ళు కొందరు. ఈ మాట నేనొప్పుకోను.

రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరకొయ్యల ఓడ ఉంది. ఋషికుల్య సముద్రంలో కలిసేచోట గంజాం ఒకనాటి రేవు. తీరమొక్కటే. 1936లో గీత గీసింది నేల మీదే గాని నీళ్ళ మీద కాదు.

అంచేత ఒక్కపూట తేలి ఏటిలో చెత్తయ్యే థర్మోకోల్ మానండి. ఆ నాణెం చూపించి పిల్లల చేత కర్ర ఓడ చేయించండి. కొండపల్లివారు తేలికపాటి పొనికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, రంగులు వేస్తారు. మన వడ్రంగులకు అది రాని విద్యేమీ కాదు. ఒక తెరచాప మీద ఒడియాలో, రెండోదాని మీద తెలుగులో ఓడ పేరు రాయించండి. తెలుగు అక్షరం ఎరగని మన పిల్లలు ఆ పేరు కోసమైనా నాలుగక్షరాలు దిద్దుతారు. అదీ చేయక, భాష పోతోందని సభల్లో ఏడవడం దండగ!