తాళం తీద్దాం, పుస్తకాలు పంచుకుందాం

ప్రతి ఏడాదీ వార్షికోత్సవం రాగానే మన వసతిగృహంలో ఆటల పోటీలు, వ్యాసరచన, పాటలు, నాటికలు ఉంటాయి. గెలిచిన వాళ్లకి స్టీలు గ్లాసో, ప్లేటో, పుస్తకమో బహుమతిగా ఇస్తారు. గ్లాసూ ప్లేటూ రోజూ వాడతాం. మరి పుస్తకం ఏమవుతోంది? గెలిచినవాడు రెండు రాత్రులు తిరగేస్తాడు. ఆ తర్వాత ట్రంకు పెట్టె అడుగున, చొక్కాల కింద పెట్టి తాళం వేస్తాడు. పుస్తకం మీద ప్రేమతోనే దాస్తాడు, కాదనం. కానీ దాచిన పుస్తకాన్ని ఇంకెవరూ చదవరు. చివరికి వాడు కూడా మళ్లీ తీయడు.

మొన్న ఒక ఆదివారం పదో తరగతి చదువుతున్న మేమంతా కలిసి ఒక పని చేశాం. అందరినీ బతిమాలి, పెట్టెల్లో ఉన్న పుస్తకాలు బయటికి తీయించి వరండాలో పరిచాం. పాఠ్యపుస్తకాలు, గైడ్లు పక్కన పెట్టి లెక్కిస్తే 37 పుస్తకాలు తేలాయి. వేమన పద్యాలు, పంచతంత్రం, జాషువా గారి గబ్బిలం, శ్రీశ్రీ మహాప్రస్థానం, అంబేద్కర్ జీవిత చరిత్ర, కలాం గారి ఆత్మకథ, అట్టలు ఊడిన పాత చందమామలు. మన మధ్య ఇన్ని ఉన్నాయని మాకే తెలియదు. ‘చదువుదామంటే పుస్తకాలేవి?’ అని నాలుగేళ్లుగా అనుకుంటున్న మేము, ఆ పుస్తకాల మీదే తల పెట్టుకుని పడుకుంటున్నామన్నమాట!

ఇక్కడ లెక్క చాలా చిన్నది. ఒక్కొక్కరం ఒక్కో పుస్తకం దాచుకుంటే ఒక్కొక్కరికి ఒక్కటే. ఆ 37 పుస్తకాలూ ఒక చోట చేరిస్తే ఒక్కొక్కరికి 37. ఎవరి జేబులోంచీ పైసా పోదు. మామిడికాయలు మాగేసే ఊళ్లో పుట్టిన మనకి ఇది ఒకరు చెప్పాలా? గడ్డిలో ఒక పండిన కాయ ఉంటే పక్కనున్న కాయలు కూడా త్వరగా పండుతాయి. పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుందని, అదే పక్క కాయల్ని మాగిస్తుందని మా సైన్సు సారు చెప్పారు. చదువు కూడా అంతే. పక్కన చదివేవాడుంటే చదవనివాడికి కూడా ఆశ పుడుతుంది.

వసతిగృహం ఒక్కటే చాలదు

1924లో డాక్టర్ అంబేద్కర్ బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభను స్థాపించారు. దాని ఆశయాల్లో మొదట చెప్పింది వసతిగృహాలు తెరిచి చదువు వ్యాప్తి చేయడం. ఆ వెంటనే చెప్పింది గ్రంథాలయాలు, అధ్యయన బృందాలు ఏర్పాటు చేయడం. 1925లో ఆ సభ షోలాపూర్‌లో విద్యార్థులకు వసతిగృహం తెరిచింది. బొంబాయిలో ఉచిత పఠనాలయం కూడా నడిపింది. అంటే ఆయన దృష్టిలో ఉండడానికి గది, చదవడానికి పుస్తకం అనేవి రెండు వేరు వేరు పనులు కావు. ప్రభుత్వం మనకి గది ఇచ్చింది. అన్నం, దుప్పటి, పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు ఇస్తోంది. మన అమ్మానాన్నల తరంలో ఇవి కూడా దొరకని వాళ్లు ఎందరో. అందుకు మేము కృతజ్ఞులం. కానీ ఆయన చెప్పిన రెండో సగం ఇంకా మిగిలే ఉంది. దానికోసం ఎవరో జీవో ఇచ్చేదాకా ఎదురు చూడనక్కర్లేదు. మనమే మొదలు పెట్టవచ్చు.

పుస్తకం చేతులు మారితే ఏం జరుగుతుందో కూడా ఆయన జీవితంలోనే ఉంది. చిన్నప్పుడు ఒక పరీక్ష పాసైనందుకు ఆయనకి అభినందన సభ జరిగింది. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే మరాఠీ రచయిత తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను ఆయనకి కానుకగా ఇచ్చారు. ఒక పెద్దాయన ఒక పిల్లవాడికి ఇచ్చిన ఒకే ఒక్క పుస్తకం! 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మంది సమక్షంలో ఆయన బౌద్ధం స్వీకరించడం వెనుక ఎన్నో ఏళ్ల ఆలోచన ఉంది. ఆ ఆలోచనకి తొలి విత్తనం ఆ పుస్తకమేనని ఆయనే రాసుకున్నారు. కేలుస్కర్ గారు కూడా ఆ పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంటే?

విజయవాడలో స్వరాజ్య మైదానం ఉంది. 1989లో మొదలైన పుస్తక మహోత్సవం చాలా ఏళ్లు అక్కడే జరిగింది. అదే మైదానంలో 2024 జనవరిలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. మనలో కొందరం వెళ్లి చూసి, దండం పెట్టి, ఫొటో దిగి వచ్చాం. మంచిదే. అయితే విగ్రహానికి దండ వేయడం కన్నా ఆయన మొదలుపెట్టిన పనిలో పిసరంత చేయడం ఎక్కువ గౌరవం అని మేము అనుకుంటున్నాం.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు

పుస్తకాలు పంచుకోవడం మన కృష్ణాతీరం వాళ్లకి కొత్త విద్య కాదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అప్పుడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్య గారిని గ్రంథాలయోద్యమ పితామహుడని ఇప్పటికీ అంటారు. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిరిగాయి. బస్సులు లేని ఊళ్లకి పడవే గ్రంథాలయమైంది. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలి అన్నది వాళ్ల సూత్రం.

ఈ చరిత్రలో ఇంకో వైపు కూడా చెప్పుకోవాలి. గ్రంథాలయ సంఘం పుట్టిన మూడేళ్లకి, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన మనవాళ్ల మహాసభ జరిగింది. మమ్మల్ని పంచములని పిలవకండి, మేము ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. బావి దగ్గరా, గుడి దగ్గరా, బడి దగ్గరా మనవాళ్లని దూరంగా నిలబెట్టిన రోజులవి. కాబట్టి ఊళ్లో గ్రంథాలయం వెలిసినంత మాత్రాన అందరి కాళ్లూ దాని గడప తొక్కాయని అనుకోలేం. ఈ రోజు గడప దగ్గర ఎవరూ ఆపరు. కానీ ఊరి మధ్యనున్న భవనానికీ ఊరి చివరున్న కాలనీకీ మధ్య దూరం ఇంకా కొంత మిగిలే ఉంది. ఆ దూరం తగ్గించడానికి మనకి పడవ అక్కర్లేదు, చేతిసంచి చాలు.

ఊళ్లో ఉన్న ప్రభుత్వ గ్రంథాలయం కూడా మనదే. ఇంటి పన్ను కట్టే ప్రతి ఇల్లూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతుంది. కాలనీ ఇల్లయినా అంతే. ఆ గ్రంథాలయంలోకి మనం తలెత్తుకుని వెళ్లాలి, కావలసిన పుస్తకాలు అడగాలి. మేము చెప్పేది దానికి బదులు కాదు, దానికి తోడు.

ఎలా నడుపుదాం?

మేము ఆలోచించిన పద్ధతి ఇది. ఒక్క పుస్తకం ఇచ్చిన వాళ్లెవరైనా సభ్యులే. ఇవ్వడానికి పుస్తకం లేకపోతే చిరిగిన పుస్తకం ఒకటి అతికించి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసినా సభ్యులే. రుసుము లేదు. ఒక పొడుగు నోటు పుస్తకంలో పుస్తకం పేరు, ఇచ్చినవారి పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ రాస్తాం. రెండు వారాలకి తిరిగి ఇవ్వాలి. ప్రతి ఆదివారం సాయంత్రం వరండాలో చాప పరిచి పుస్తకాలు పెడతాం. నెలకి ఇద్దరు చొప్పున బాధ్యత తీసుకుంటారు. వాళ్లలో ఒకరు తప్పకుండా ఆరు, ఏడు తరగతుల వాళ్లు ఉండాలి. ఎందుకంటే మేము పరీక్షలు రాసి వెళ్లిపోతాం, వాళ్లు ఉంటారు.

సభ్యులు విద్యార్థులే కానక్కర్లేదు. వంట అక్క, కామాటి అన్న, వాచ్‌మన్ తాత, కాలనీలో డ్వాక్రా సంఘం అమ్మలు, చదువు మధ్యలో ఆపేసిన మన అన్నలు అందరూ రావచ్చు. చదవడం రానివాళ్లకి మనం పైకి చదివి వినిపిద్దాం. మొన్న జాషువా గారి జీవితం గురించి చదువుతుంటే వాచ్‌మన్ తాత లాంతరు తుడవడం మానేసి వచ్చి కూర్చున్నాడు. మర్నాడు, “తర్వాత ఏమైందిరా అబ్బాయిలూ?” అని ఆయనే అడిగాడు. ఇంతకన్నా మంచి ప్రారంభోత్సవం ఏం కావాలి?

పుస్తకాలు పోతే?

ఈ మాట అందరూ అడుగుతారు. అడగాల్సిందే. పుస్తకాలు కొన్ని పోతాయి. పోవని మేము హామీ ఇవ్వం. కానీ మాలో ఒకడికి జరిగింది చెబుతాం. వాడు ఇంతకు ముందు వేరే చోట చదివేవాడు. అక్కడ బీరువాలో పుస్తకాలుండేవి. అడగ్గా అడగ్గా ఒక కథల పుస్తకం ఇచ్చారు. వానాకాలం. ఇల్లు కారింది. పుస్తకం తడిసి ముద్దయింది. ధర కట్టమన్నారు. వాళ్లమ్మ ఒక రోజు కూలి తెచ్చి కట్టింది. అందరి ముందూ కట్టించారు. ఆ తర్వాత రెండేళ్లు వాడు ఎవరినీ పుస్తకం అడగలేదు. బీరువా మాత్రం భద్రంగా ఉంది. అక్కడ పోయింది ఒక పుస్తకం కాదు, ఒక పాఠకుడు.

పూర్వం యూరప్‌లో గ్రంథాలయాల్లో పుస్తకాలకి గొలుసులు వేసి బల్లలకి కట్టేవారట. చేతిరాత ప్రతులు, చాలా ఖరీదు, పోతాయని భయం. మన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాసినప్పుడు మొట్టమొదట చెప్పింది, పుస్తకాలున్నది వాడుకోవడానికే అని. ఆ సూత్రం ప్రకారం చూస్తే వాడి వాడి చిరిగిన పుస్తకం తన పని చేసింది. కొత్తగా మెరుస్తూ బీరువాలో ఉన్నదే పని చేయలేదు.

అందుకని మా నియమం ఒకటే. పుస్తకం పోగొట్టిన వాళ్లకి జరిమానా లేదు. ఆదివారం నాడు అందరి ముందు ఆ పుస్తకంలో ఏముందో చెప్పాలి. చదవకుండానే పోగొడితే, మిగతా పుస్తకాల్లో ఒకటి చదివి చెప్పాలి. పుస్తకం పోయినా అందులోని కథ మన దగ్గర మిగులుతుంది. నవ్వేవాళ్లు నవ్వండి, కానీ ఒకసారి చేసి చూద్దాం.

కొందరు ఇంకో మాట అంటారు. ఫోనులో అన్నీ దొరుకుతుంటే పుస్తకాలెందుకని. ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే లోకం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పనికి వెళుతుంది. ఉన్నప్పుడైనా చదవడం మొదలుపెట్టి ఎక్కడ తేలతామో మనకి తెలుసు. పుస్తకానికి ఛార్జింగూ అక్కర్లేదు, నెట్ బ్యాలెన్సూ అక్కర్లేదు. ఇక పరీక్షలకి అడ్డం అనే పెద్దలకి మా మనవి. పదిమంది రాసింది చదివినవాడికి సొంత వాక్యం రాయడం వస్తుంది. గైడు బట్టీ పట్టినవాడికి ప్రశ్న కాస్త తిప్పి అడిగితే చెమటలు పడతాయి.

తోటలోకి పుస్తకం

అన్నిటికన్నా ముఖ్యం వేసవి సెలవులు. ఏప్రిల్ చివర వసతిగృహం మూతపడుతుంది. మళ్లీ తెరిచేది జూన్‌లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే మన తోటల్లో కోతలు. నాన్న చిక్కంతో రసాలు, బంగినపల్లి కోస్తుంటే అమ్మ గడ్డి పరిచి ట్రేల్లో సర్దుతుంది. మనమూ మోస్తాం. కొందరి కుటుంబాలు ఆ రెండు నెలలూ కాపలాకి తోటలోని పాకలోనే ఉంటాయి. మధ్యాహ్నం ఎండ మండేవేళ చెట్టు కింద కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఏడాది మొత్తంలో చదవడానికి మనకి అంత తీరిక, అంత నీడ దొరికేది అప్పుడే. అప్పుడే పుస్తకాలు తాళం వెనక ఉంటున్నాయి.

కాబట్టి సెలవులకి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరూ రెండు పుస్తకాలు తీసుకెళ్లాలి. ఒకటి మనకి, ఒకటి మన ఊళ్లో ఇంకొకరికి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట ఎటు వెళ్లేవాళ్లు అటు. కేరళలో పి.ఎన్. పణిక్కర్ గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. ఆయన పేరు మీద జూన్ 19ని పఠన దినంగా జరుపుకుంటారు. మనం కూడా అదే రోజున పుస్తకాలు తిరిగి తెచ్చి వరండాలో పరుద్దాం. 37 వెళితే 30 తిరిగి రావచ్చు. రాని ఏడూ ఏదో ఒక పాకలో, ఎవరో ఒకరి చేతిలో ఉంటాయని అనుకుందాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకి మా విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు స్వీటు ప్యాకెట్టుతో పాటు మీరు చదివేసిన ఒక పుస్తకం తీసుకురండి. వార్డెన్ గారికి విన్నపం. వరండాలో ఒక చెక్క అర ఇప్పించండి. దానికి తలుపు మాత్రం పెట్టించవద్దు.

చిన్న తరగతుల తమ్ముళ్లారా! మార్చిలో పరీక్షలు రాసి మేము వెళ్లిపోతాం. మా ట్రంకు పెట్టెలు ఈసారి తేలిగ్గా ఉంటాయి. పుస్తకాలు మీకు వదిలేసి వెళుతున్నాం. జాగ్రత్తగా దాచమని చెప్పం. జాగ్రత్తగా పంచండి.

– పదో తరగతి విద్యార్థులు