విప్పరాని యంత్రమును కొనరాదు

1939 మే 1వ తేదీన అబ్దుల్ అజీజ్ మహారాజు స్వహస్తముతో కవాటమును త్రిప్పగా, డి.జి. స్కోఫీల్డ్ అను నౌకలోనికి సౌదీ అరేబియా ముడిచమురు తొలిసారిగా ప్రవహించినది రాస్ తనూరా తీరముననే. 1945లో అచట వెలసిన శుద్ధి కర్మాగారము నేటికిని నడచుచున్నది. దినమునకు 5,50,000 పీపాల ముడిచమురును శుద్ధి చేయగల శక్తి నేడు దానికి కలదు. ఎనిమిది దశాబ్దములపాటు సముద్రపు ఉప్పుగాలికిని, ఎడారి దుమ్మునకును, వేసవి యెండకును ఓర్చి ఒక కర్మాగారము నిలిచి యుండుటకు దానిలోని ఇనుము చెడనిదగుట కారణము కాదు. చెడిన భాగమును చెడినంతవరకే ఊడదీసి, దాని స్థానమున మరియొకదానిని బిగించుటకు వీలుగా దానిని నిర్మించుటయే కారణము. ఆరంగుళముల గొట్టమునకు 150 తరగతి ఫ్లాంజిని ఏ దేశమువారు పోతపోసినను అందు బోల్టు రంధ్రములు ఎనిమిదే. వాని నడిమి దూరమును ఒక్కటియే. ఆ కొలతలు అచ్చుపుస్తకములలో బహిరంగముగా నున్నవి గనుకనే జపానువారి వాల్వు ఇటలీవారి గొట్టమునకు ఎవరి అనుమతియు అక్కరలేకుండ అమరుచున్నది.

షట్‌డౌన్ అని మనవారందరును వ్యవహరించు, కర్మాగారమును ఆపి మరమ్మతు చేయు కొలదివారముల పనికాలమున, జగిత్యాలనుండియు, నిజామాబాదునుండియు, కోనసీమనుండియు వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు రాత్రింబవళ్ళు చేయునది ఈ పనియే. పర్మిటు చేతికి వచ్చిన పిమ్మట పంపును విప్పుదురు. అరిగిన మెకానికల్ సీలును తీసివేసి క్రొత్తది కూర్చుదురు. బేరింగును, గాస్కెట్టును మార్చుదురు. టార్క్ రెంచితో బోల్టులను ఒకదాని కెదురుగా నొకటిగా, క్రమము తప్పక బిగించి, పరీక్షించి అప్పగింతురు. కారుచున్న ఒక సీలుకొరకు పంపునంతటిని పారవేయుమని వారితో ఎవ్వరును అనరు.

అట్టి పనివాడు సెలవుపై ఇంటికి పోవునప్పుడు, ఇంజనీరింగు చదువుచున్న కుమార్తెకొరకు సౌదీలోని ఖోబరులోనో దమ్మాములోనో ఒక లాప్‌టాప్ కొనును. పదునెనిమిదేండ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ను సుంకము లేకుండ తీసికొని రావచ్చునని మన కస్టమ్సు నిబంధనలు అనుమతించుచుండుటచేత, నెలల తరబడి కూడబెట్టిన రియాళ్ళతో ఈ ఒక్క వస్తువునే మంచిది చూచి కొనవలెనని అతని యాశ. పలుచగా, తళతళలాడుచు నున్నదానిని ఎన్నుకొనును. అందు మెమరీ మదర్‌బోర్డునకే సోల్డరు చేయబడి యున్నదనియు, బ్యాటరీ జిగురుతో అంటింపబడి యున్నదనియు, కీబోర్డు పైరేకునకు కరగించిన ప్లాస్టిక్ రివెట్లతో అతుకబడినదనియు, ప్రతిదినము తీగను గ్రుచ్చి లాగుటచే అన్నింటికన్న ముందుగా అరిగెడు ఛార్జింగు రంధ్రము సైతము బోర్డులో భాగమే యనియు అమ్మువాడు చెప్పడు, కొనువాడు అడుగడు. మూడవ యేట బ్యాటరీ ఉబ్బును. లేదా ఛార్జరు పిన్ను వదులై, తీగను ఒక ప్రక్కకు వంచి పట్టుకొన్నగాని దీపము వెలుగదు. సౌదీలో కొన్న యంత్రమునకు మన దేశమున వారంటీ అనేక సందర్భములలో చెల్లదు. జిల్లా కేంద్రములోని దుకాణమునకు తీసికొనిపోగా, భూతద్దమునకు మొగ మానించి చూచిన మెకానిక్ చెప్పెడి మాట మనకందరకు తెలిసినదే: “బోర్డు పోయిందన్నా. దీనికి పెట్టే డబ్బుతో కొత్తదే వస్తది.”

ఆ మెకానిక్‌ను నిందింపరాదు. అతని చేతిలో సర్క్యూట్ పటము లేదు. అసలైన విడిభాగము దొరకు మార్గము లేదు. తయారుచేసినవాడు వానిని అతనికి ఇయ్యదలచుకొనలేదు. పంపు సీలును మార్చగల తండ్రి, ఆ నైపుణ్యముతోనే బ్రదుకుచున్నవాడు, తన సొమ్ముతో కొన్న యంత్రమునెదుట చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చుట అన్యాయమని మా నిశ్చితాభిప్రాయము. సొంతదారు విప్పుటకు వీలులేని యంత్రమును మనవారు కొనరాదు. ప్రజాధనముతో ప్రభుత్వములు అసలే కొనరాదు.

ఇది అసాధ్యమైన కోరిక యనువారికి సమాధానము ఇదివరకే అంగడికి వచ్చి యున్నది. శాన్ ఫ్రాన్సిస్కోలో నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 2021లో విక్రయమునకు పెట్టిన లాప్‌టాప్ అడుగుభాగమున అయిదు మరలుండును. పెట్టెతోపాటు వచ్చిన స్క్రూడ్రైవరుతో వానిని వదులు చేసి—అవి ఊడి జారిపోకుండ అడుగునకే అంటి యుండును—కీబోర్డు పలకను ఎత్తినచో లోపలి భాగములన్నియు కంటికెదురుగా నగపడును. మెమరీ గాడులలో నున్నది. ఎస్‌ఎస్‌డి ఒక్క మరతో వచ్చును. బ్యాటరీకి జిగురు లేదు. ముఖ్య భాగములపైన క్యూఆర్ కోడ్ ముద్రింపబడి యున్నది. దానిని ఫోనుతో చూచినచో ఆ భాగమునకు సంబంధించిన వివరములును, మార్చు విధమును తెలియును. యంత్రములను విప్పి పరీక్షించి మార్కులు వేయు ఐఫిక్సిట్ వారు దీనికి పదింట పది ఇచ్చిరి. అన్నింటికన్న గణనీయమైనది మరియొకటి: 2021నాటి ఆ చట్రములోనే 2025లో వచ్చిన ఏఎండీ రైజెన్ ఏఐ 300 మదర్‌బోర్డు సైతము అమరుచున్నది. తెరయు, కీబోర్డును, పెట్టెయు పాతవే. బుద్ధి మాత్రము క్రొత్తది.

ఈ యంత్రము ప్రక్కలనుండు నాలుగు గూళ్ళగూర్చి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. ఒక్కొక్క గూటిలో అగ్గిపెట్టెకన్న చిన్నదైన ఒక కార్డు దూరును. ఒకటి యూఎస్‌బీ, ఒకటి హెచ్‌డీఎంఐ, ఒకటి మెమరీ కార్డు చదువునది—ఎవరికి కావలసినవి వారు అమర్చుకొందురు. ఛార్జింగు సైతము అట్టి కార్డుద్వారానే జరుగును గనుక, తీగ లాగి లాగి రంధ్రము చెడినను పోవునది కార్డొకటియే. బోర్డు క్షేమముగా నుండును. సంస్థవారు ఆ కార్డు కొలతలను, నమూనా చిత్రములను ప్రకటించి, ఎవరైనను చేసికొనవచ్చునని అనుమతించిరి. దాని ఫలితము అద్భుతము. వైర్‌లెస్ మౌసు రిసీవరును లోపల దాచుకొను కార్డును ఒకరు చేసిరి. చిన్న మైక్రోకంట్రోలరును కార్డులో నిమిడ్చి ప్రయోగములు చేయువారు మరికొందరు. క్రొత్త బోర్డు వేసికొని పాతదానిని మూలపడవేయక, త్రీడీ ప్రింటరుతో అచ్చుపోసిన పెట్టెలో బిగించి, తెర తగిలించి డెస్క్‌టాప్‌గా వాడుకొనువారు అనేకులు. అట్టి పెట్టెను కూలర్ మాస్టర్ అను పెద్ద సంస్థయే తయారుచేసి అమ్మినది. డీప్‌కంప్యూటింగ్ అను వేరొక సంస్థ రిస్క్-ఫైవ్ ప్రాసెసరుతో ఇదే చట్రమునకు సరిపడు బోర్డును చేసినది. ఫ్లాంజి కొలత బహిరంగమైనందున వాల్వులు చేయువారు పెక్కుమంది పుట్టినట్లే, కార్డు కొలత బహిరంగమైనందున జీతము పుచ్చుకొనని నిర్మాతలు దేశదేశముల పుట్టిరి.

ఆ యంత్రము ఖరీదైనది. మన యంగళ్ళలో సాధారణముగా కానరాదు. అందరును దానినే కొనవలెనని మే మనుట లేదు. అది చేయదగిన పని యని రుజువు చేసినది, అంతవరకు చాలును. పలుచదనమునకును వేగమునకును మెమరీని సోల్డరు చేయక తప్పదని తయారీదారులు చిరకాలము వాదించిరి. 2023 డిసెంబరులో జెడెక్ సంస్థ క్యామ్-2 అను మెమరీ ప్రమాణమును ప్రకటించినది. మరుసటి యేడు లెనోవో తన థింక్‌ప్యాడ్ పీ1 యంత్రములో మరలతో బిగించి విప్పదగిన అట్టి వేగవంతమైన మెమరీని వాడినది. ఆ వాదము అంతటితో తీరినది. సామాన్యుడు విప్పినచో పాడుచేయునను వాదము మిగిలినది. దీనిని కర్మాగారములలో పనిచేయు మనవారిని చూచియు ఎవరైన పలుకగలరా? సామాన్యుడు విప్పకపోయినను, అతని వీధిలోని మెకానిక్ విప్పును. ఆ వృత్తి నిలుచును.

రాజ్యము శాసించినచో తయారీదారుడు వినును. సౌదీ అరేబియాయే ఇందుకు నిదర్శనము. ఫోనులు మొదలగు ఉపకరణములకు 2025 జనవరి 1వ తేదీనుండియు, లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 1వ తేదీనుండియు యూఎస్‌బీ-సీ ఛార్జింగు రంధ్రమొకటే యుండవలెనని ఆ దేశపు ప్రమాణముల సంస్థయు, కమ్యూనికేషన్ల కమిషనును నిర్ణయించినవి. మేము ఈ నిర్ణయమును హృదయపూర్వకముగా స్వాగతించుచున్నాము. కాని రంధ్రపు ఆకారమును నిర్ణయించిన చేయి, ఆ రంధ్రము చెడినప్పుడు మార్చుకొనుటకు వీలుగా నుండవలెననియు శాసించినగాని పని పూర్తి కాదు. ఫ్రాన్సు దేశము 2021 జనవరి 1వ తేదీనుండి లాప్‌టాప్‌లతో సహా అయిదు రకముల వస్తువులపైన మరమ్మతు సూచికను, పదింటికి ఇన్ని మార్కులని, ధరచీటి ప్రక్కనే చూపవలెనని ఆజ్ఞాపించినది.

మన దేశమున కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించినది. ఆ యేడు డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవమున, ఆ హక్కుకొరకు ఒక పోర్టల్‌ను ప్రారంభించినది. మరమ్మతు సూచికపై భరత్ ఖేరా అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2025 మేలో నివేదిక నిచ్చినది. ఆ నివేదిక మొదటి ప్రాధాన్యము నిచ్చినది స్మార్ట్‌ఫోనులకును ట్యాబ్‌లకును. ఆన్‌లైన్ పాఠములు, ప్రాజెక్టులు, ఉద్యోగ పరీక్షలు సమస్తమును లాప్‌టాప్‌పైననే సాగుచున్న ఈ దినములలో దానిని వెనుకకు నెట్టుట మాకు సమ్మతము కాదు. సూచికను తయారీదారులు తామే ప్రకటించుకొనినచో చాలదు. తప్పు ప్రకటించినవారికి శిక్షయు, విడిభాగములను ఏడేండ్లపాటు సరఫరా చేయవలెనను నియమమును దానివెంట రావలెను. 2022లో ప్రపంచమున 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పుట్టగా, అందు 22.3 శాతము మాత్రమే సక్రమముగా సేకరింపబడి పునర్వినియోగమునకు చేరినవని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలుపుచున్నది. తక్కినదానిలో మన రియాళ్ళు, మన రూపాయలు ఎన్ని యున్నవో!

రెండు తెలుగు ప్రభుత్వములకును చెప్పవలసిన మాట కలదు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబ్‌లను పంచుట ప్రారంభించినది. ఇంతటి పెద్ద కొనుగోలుదారుడు టెండరులో వ్రాసిన షరతును ఏ తయారీదారుడును త్రోసిపుచ్చలేడు. ఇకమీద విద్యార్థులకును, కార్యాలయములకును కొను ప్రతి కంప్యూటరు విషయమున, మెమరీ, ఎస్‌ఎస్‌డి, బ్యాటరీ సామాన్యమైన పనిముట్లతో మార్చుటకు వీలుండవలెననియు, సర్వీసు మాన్యువల్ బహిరంగముగా లభింపవలెననియు టెండరు షరతులలోనే చేర్చవలెను. జిల్లా జిల్లాకును ఐటీఐలున్నవి. ఆ మరమ్మతులను అచటి విద్యార్థులకు అప్పగించినచో వారికి చదువును, బడులకు సేవయు ఒక్కమారే సమకూరును.

సెలవుకు పోవుచు ఈ మాసమున లాప్‌టాప్ కొనదలచిన సోదరులకు మా మనవి. డబ్బు చెల్లించుటకు ముందు యంత్రమును బోరగిల త్రిప్పి, అడుగున మామూలు మరలున్నవో లేవో చూడుడు. మెమరీ గాడిలో నున్నదా, బోర్డునకు అతికి యున్నదా అని అడుగుడు. అమ్మువానికి తెలియకపోయినచో మోడలు పేరు వ్రాసికొని, ఆ రాత్రి క్యాంపు గదిలో కూర్చుండి దాని మాన్యువల్‌ను వెదకుడు. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ వంటి వ్యాపారశ్రేణి యంత్రములకు పూర్తి మాన్యువల్‌లు ఉచితముగా దొరకును. సికిందరాబాదు సీటీసీ అంగళ్ళలో అట్టివి పాతవి చౌకగా లభించుటయే కాక, బ్యాటరీ మార్చుకొని మరికొన్ని యేండ్లు నడచుచున్నవి. విడి బ్యాటరీని కొనిపోవువారు దానిని చేతిసంచిలోనే పెట్టుకొనవలెను. లగేజీలో వేయుట విమాన నిబంధనలకు విరుద్ధము.

ఇక హైదరాబాదులో 2023 మార్చి 2న ప్రారంభమైన నమూనాల తయారీ కేంద్రము టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటర్లును, సర్క్యూట్ బోర్డులు చేయు పరికరములును కలవు. ఫ్రేమ్‌వర్క్ వారి పెద్ద లాప్‌టాప్‌లో కీబోర్డు మరలు లేకుండ ఊడివచ్చును. దాని నమూనా చిత్రములును, ఫర్మ్‌వేరును బహిరంగములు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక 1991లోనే జాతీయ ప్రమాణములో చేరినను, లాప్‌టాప్ కొన్న తెలుగువాడు నేటికిని ఇంగ్లీషు మీటలపైన అక్షరముల స్టిక్కర్లు అతికించుకొనుచున్నాడు. మీటపైన తెలుగు అక్షరము చెక్కిన కీబోర్డును, దుమ్ము దేశములకు తగిన ఫ్యాను జల్లెడను, ఛార్జింగు కార్డును టీ-వర్క్స్ రూపొందించి, కొలతలతో సహా ప్రకటింపవలెను. ఆ చిత్రములు చేతికి వచ్చినచో జగిత్యాలలోని మెకానిక్కును, జుబైల్‌లోని టెక్నీషియనును తామే చేసికొనగలరు. తెలంగాణ ప్రభుత్వము ఇందుకు వలయు నిధిని ఈ సంవత్సరపు బడ్జెట్టులోనే కేటాయింపవలెను.