రెండు కంపైలర్లు ఉండాలి

సొంత కంప్యూటర్లో ఫోర్ట్రాన్ లెక్కలు మొదలుపెట్టే విద్యార్థి ఎవరడిగినా ముందు జీఫోర్ట్రాన్ కంపైలర్ పెట్టుకోమంటాను. ఉచితమని మాత్రమే కాదు, తప్పు పట్టిస్తుందని. బౌండ్స్ చెక్ ఆప్షన్ ఇస్తే, పది గళ్ల అర్రేలో పదకొండో గడిని తాకగానే ప్రోగ్రాం ఆగి లైను నంబరు చెబుతుంది. ఆ ఆప్షన్ లేకపోతే పక్క మెమరీలోని చెత్త అంకె చప్పుడు లేకుండా లెక్కలో కలిసిపోవచ్చు. వేగం కోసం తొలిరోజే ‘ఫాస్ట్ మ్యాత్’ ఆప్షన్ తగిలించేవాళ్లను చూస్తే నాకు భయం. కూడికల వరుస మారిపోవచ్చు, దాంతో చివరి అంకెలూ మారతాయి. ఇంటెల్ ఐఎఫ్ఎక్స్ కంపైలర్ కూడా ఇప్పుడు ఉచితంగానే దొరుకుతోంది. అదే ప్రోగ్రాంను దానితోనూ నడిపి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. డబుల్ ప్రెసిషన్‌లో చేసిన మామూలు లెక్కకు ఆరో అంకె దగ్గరే తేడా కనిపిస్తే, కారణం తేలేదాకా ఆ ఫలితాల పట్టికను థీసిస్‌లో వెయ్యకండి.