దాణాలో మందు, ఆసుపత్రిలో చిక్కు



1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు పడిన కష్టమును పెద్దలు మరచి యుండరు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను ఎన్నిసార్లు చల్లినను శనగపచ్చ పురుగు చావలేదు. మందుకు లొంగినవి చచ్చి, లొంగనివి మిగిలి, వాటి సంతతియే పొలమంతయు నిండినది.

నేడు ఆసుపత్రులలో సూక్ష్మక్రిముల విషయమున ఇదే జరుగుచున్నది. ఆపరేషను గాయములో క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటి బాక్టీరియా చేరి చీము పట్టినప్పుడు, మామూలు యాంటీబయోటిక్ మందులు పనిచేయనిచో వైద్యులు చివరి ప్రయత్నముగా వాడు కొద్ది మందులలో కొలిస్టిన్ ఒకటి. అది మూత్రపిండములకు హాని చేయగలదు. అయినను గత్యంతరము లేక ఇత్తురు. అట్టి మందును కోళ్లు త్వరగా బరువు పెరుగుటకై దాణాలో కలుపుచుండిరి. జబ్బు లేని కోడికి రోజూ కొంచెము మందు పెట్టుట, క్రిములకు దానిని తట్టుకొనుట నేర్పుటయే గదా!

2015లో చైనా శాస్త్రజ్ఞులు కొలిస్టిన్‌కు లొంగని బాక్టీరియాను పందులలోను, మాంసములోను, రోగులలోను కనుగొన్నారు. ఆ శక్తినిచ్చు జన్యువు ఒక జాతి బాక్టీరియానుండి మరొక జాతికి పోగలదు. కనుక ఫారములో పుట్టిన బెడద ఫారములోనే యుండదు. కోళ్ల పెంట, మురుగునీరు, మాంసము, పనివారి చేతులు దానికి దారులు. భారత ప్రభుత్వము 2019 జులైలో ఆహారమునకై పెంచు పశువులకు, కోళ్లకు, చేపలు, రొయ్యల పెంపకమునకు కొలిస్టిన్ వాడరాదని నిషేధించినది.

ఒక మందును నిషేధించిన చాలదని నా అభిప్రాయము. అలవాటు మారవలెను. దోషమంతయు రైతుదే అనుట న్యాయము కాదు. చీటీ లేకుండ మాత్రలు కొని మింగువారు పట్టణములలోను గలరు. ఒక బ్యాచ్ కోళ్లు చచ్చినచో రైతుకు అప్పే మిగులునన్న భయమును నేనెరుగుదును. కాని షెడ్డులో గాలి వెలుతురు, పొడిగానుండు లిట్టరు, వేళకు టీకాలు, తగినంత చోటు — ఇవి చేయు మేలును దాణాలోని మందు చేయలేదు.

దాణా సంచిపై చీటీ చదివి కొనుడు. పశువైద్యుని సలహా లేనిదే యాంటీబయోటిక్ వాడకుడు. వాడినచో చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడుడు. పొదుగువాపుకు మందు వేసిన ఆవు పాలను వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు అమ్మకుడు. గ్రామాధికారులు ఈ సంగతులను రైతుల సమావేశములలో చెప్పవలెను.

రేపు ఆపరేషను బల్లపై పరుండునది మన తల్లియో, మన బిడ్డయో కావచ్చును. వారి గాయము మానుటకు మందు మిగిలియుండవలెను.