ఎర్ర లైటు ఆగమంటుంది... పసుపు లైటు అడగమంటుంది!

కమలాపురం నుంచి కడప ఎంతో దూరం కాదు. ఎర్రగుంట్ల ఇంకా దగ్గర. అయినా పాత కారున్న ఇంట్లో బయల్దేరే ముందు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. 'బండి బాగుందా? దోవలో నిలిచిపోదు కదా!' పెళ్లికైతే కాస్త ఆలస్యమైనా సర్దుకోవచ్చు. నొప్పులు పడుతున్న కూతుర్నో, గుండె పట్టుకుని కూర్చున్న తండ్రినో కడప ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగకపోతే? అదే సమయానికి డ్యాష్‌బోర్డు మీద ఎన్నడూ చూడని లైటొకటి వెలిగితే?

అలాంటప్పుడు మనలో చాలామంది రెండింటిలో ఒకటి చేస్తారు. 'వెలిగితే వెలగనీ, బండి నడుస్తోంది కదా' అనుకుని అలాగే పోనిస్తారు. లేదంటే కంగారుపడి కనిపించిన మొదటి షెడ్డులో తాళాలిచ్చి 'ఏం మార్చాలో మార్చెయ్యన్నా' అంటారు. మొదటి పనితో ఇంజిన్ పోవచ్చు. రెండో పనితో డబ్బు పోతుంది, చాలాసార్లు జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. నిజానికి లైటు ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో కాస్త తెలిస్తే ఈ రెండు నష్టాలూ తప్పుతాయి. అందుకు మెకానిక్ చదువేమీ అక్కర్లేదు.

అప్పట్లో తడిగుడ్డే వైద్యం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో ఇంజిన్ లైటు ఊసే లేదు. మన కడప ఎండలకు పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి బండి నిలిచిపోయేది. డ్రైవరు బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు నీడన కాసేపు కూర్చునేవాడు. పంపు చల్లబడగానే బండి మళ్లీ కదిలేది. కార్బొరేటర్‌లో చెత్త చేరినా, పాయింట్లు అరిగినా చెయ్యి తిరిగిన మెకానిక్ శబ్దం విని చెప్పేసేవాడు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా మొదట కార్బొరేటర్ బండే.

2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగుసుకున్నాక పెట్రోలు కార్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఎంత గాలి వస్తోంది, ఇంజిన్ ఎంత వేడెక్కింది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది... ఇవన్నీ సెన్సర్లు కొలిచి చిన్న కంప్యూటర్‌కు చెబుతాయి. ఎంత పెట్రోలు చిమ్మాలో అది నిర్ణయిస్తుంది. లెక్క తప్పితే ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలిగించి, తప్పేమిటో ఒక కోడ్ రూపంలో రాసిపెట్టుకుంటుంది. ఈ ఏర్పాటును ఓబీడీ అంటారు. అమెరికాలో 1996 నుంచి కార్లన్నింటికీ ఒకే రకం పద్ధతి వచ్చింది. మన దగ్గర 2010లో బీఎస్-4 నిబంధనలతో ఇది మొదలైంది. ఇవాళ మన ఊళ్లలో తిరుగుతున్న పాత కార్లలో ఎక్కువ భాగం ఈ కంప్యూటర్ తరానివే. వీటికి తడిగుడ్డ సరిపోదు.

ముందు రంగు చూడండి

ఏ లైటుకు ఏ అర్థమో గుర్తులేకపోయినా ఫర్వాలేదు. రంగు గుర్తుంటే చాలు. ఎరుపు అంటే బండిని వెంటనే పక్కకు తీసి ఆపాలి. పసుపు అంటే నెమ్మదిగా వెళ్లి చూపించుకోవాలి.

ఎర్ర లైట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైంది నూనె డబ్బా బొమ్మ. చాలామంది దీన్ని 'ఆయిల్ తగ్గింది, ఊరెళ్లాక పోయిద్దాం' అనుకుంటారు. ఆ లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందో కాదు, ఇంజిన్ లోపలికి ఆయిల్ తగిన ఒత్తిడితో అందడం లేదని. లోహం మీద లోహం రాసుకుంటుంటే కొద్ది నిమిషాల్లోనే బేరింగులు అంటుకుపోతాయి. ఆ తర్వాత చేయించే ఇంజిన్ పని కొన్నిసార్లు పాత కారు ధరకు దగ్గరవుతుంది. అందుకే వెంటనే ఇంజిన్ ఆపాలి. చదునైన చోట పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ సరిపోను ఉన్నా లైటు ఆరకపోతే బండిని తాడుకట్టి లాక్కెళ్లడమే క్షేమం.

టెంపరేచర్ లైటు వెలిగితే ఏసీ ఆపేసి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. సలసల కాగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. బ్యాటరీ బొమ్మ వెలిగితే డైనమో చార్జింగ్ చేయడం లేదని అర్థం. చాలా పాత కార్లలో డైనమోనూ, నీళ్ల పంపునూ తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే ముందు బ్యాటరీ లైటు, కాసేపటికి వేడి లైటు వరసగా వస్తాయి. బానెట్ ఎత్తి బెల్టు ఉందో లేదో చూడటం ఎవరైనా చేయగల పనే. బ్రేకు లైటు వెలిగితే ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారో లేదో చూసుకోవాలి. దించినా ఆరకపోతే బండి కదిలించొద్దు.

ఇక ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు. నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే షెడ్డు దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు. అదే లైటు మిణుకు మిణుకుమంటూ, బండి కుదుపులిస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఏదో ఒక సిలిండర్లో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని అర్థం. మన మెకానిక్కుల మాటల్లో మిస్సింగ్. ఆ పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి మండి, దాన్ని కరిగించేంత వేడి పుట్టిస్తుంది. కొద్ది వందల్లో పోయే స్పార్క్ ప్లగ్గు జబ్బు వేలల్లోకి పాకుతుంది.

బండి లాగడం లేదంటే...

'పికప్ లేదన్నా' అనే ఒక్క మాట వెనక పది కారణాలుండొచ్చు. మొదట ఒక చిన్న పరీక్ష. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ హోరు పెరుగుతోందా? హోరు పెరిగి బండి మాత్రం కదలకపోతే అది క్లచ్ ప్లేటు అరుగుదల. దీనికి ఏ లైటూ వెలగదు. కాస్త దూరం వెళ్లి ఆగాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసినట్టు. ఇంజిన్ హోరే పెరగకపోతే అప్పుడు ఇంజిన్ సంగతి చూడాలి.

ఇంజిన్‌కు కావాల్సినవి నాలుగే. లోపలికి గాలి, తగినంత ఇంధనం, సమయానికి నిప్పురవ్వ, పొగ బయటికి పోయే దారి. డీజిల్ బండికైతే నిప్పురవ్వ అక్కర్లేదు. బలం తగ్గిందంటే వీటిలో ఏదో ఒకదానికి అడ్డం పడినట్టే.

గాలి విషయానికొస్తే, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి లారీలు. ఆ దుమ్ములో రోజూ తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు దాకా ఎయిర్ ఫిల్టర్ ఆగదు. తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. ఇంధనం సంగతి చదును రోడ్డు మీద బయటపడదు. కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. చదునులో చక్కగా వెళ్లిన బండి ఎగువలో నీరసపడితే ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, పంపు బలహీనపడిందేమో చూడాలి. వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయి, అరగంట చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండ్లుంటాయి. వాటిలో క్రాంక్ సెన్సర్‌నో, పెట్రోలు పంపునో, కాయిల్‌నో అనుమానించాలి. వారం వారం బలం తగ్గుతూ, పై వేగమే అందకుండా పోతుంటే పొగ దారి మూసుకుపోయిందేమో పరీక్షించాలి.

కొన్నిసార్లు బలం తగ్గించేది కంప్యూటరే. ఏదైనా సెన్సర్ చెప్పే లెక్క నమ్మశక్యంగా లేకపోతే ఇంజిన్‌ను కాపాడేందుకు వేగాన్ని కట్టడి చేస్తుంది. దాన్నే లింప్ మోడ్ అంటారు. తాళం ఆపి మళ్లీ వేస్తే కాసేపు మామూలైనట్టు కనిపిస్తుంది. జబ్బు పోయిందనుకోవద్దు. ఘాట్ మధ్యలో, వెనక లారీ ఉండగా మళ్లీ వస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

పాత కార్లకు ఇప్పుడు ఇంకో సంగతి తోడైంది. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లు ఇంత ఇథనాల్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవి కావు. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి సుమారు మూడో వంతు తక్కువ, పైగా అది నీటిని పీల్చుకుంటుంది. కంగారు పడాల్సిన పనిలేదు. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు పగిలాయేమో సర్వీసింగ్‌లో ఓసారి చూపించుకుంటే మంచిది.

వానాకాలం మాట కూడా చెప్పుకోవాలి. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కుంగిపోయింది. అలాంటి రోజుల్లో వాగు నీళ్లలో దిగిన బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలి దారిలో నీళ్లు సిలిండర్లలోకి చేరి ఉంటే లోపలి రాడ్లు వంగిపోతాయి.

స్కానర్ చెప్పేది సగమే

ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ స్కానర్లు వచ్చాయి. సాకెట్‌కు తగిలిస్తే కోడ్ కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కోడ్ నొప్పి ఎక్కడుందో చెబుతుంది, జబ్బేమిటో చెప్పదు. ఉదాహరణకు పీ0171 అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. దాన్ని కనిపెట్టింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి చాలాచోట్ల ఆ సెన్సర్‌నే మార్చేస్తారు. నిజానికి గాలి గొట్టం చీలి ఉండొచ్చు, పంపు నీరసపడి ఉండొచ్చు. కబురు తెచ్చినవాణ్ని కొడితే ఇంట్లో గొడవ తీరుతుందా!

ఒకేసారి నాలుగైదు లైట్లు వెలిగితే నాలుగైదు భాగాలు పోయాయనుకోవద్దు. ముందు బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి, వదులైన ఎర్త్ వైరు, ఎలుకలు కొరికిన తీగ... ఇవి చాలు, సెన్సర్లన్నీ తప్పుడు లెక్కలు చెప్పడానికి.

మిస్సింగ్ ఉంటే ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ప్లగ్గు ప్లగ్గుకూ విడి కాయిల్ ఉన్న బండిలో మొదటి సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని మొదటిదానికి మార్చి చూడమనండి. మిస్సింగ్ కూడా దాంతోపాటు మూడోదానికి వెళ్తే కాయిల్ పోయినట్టు. వెళ్లకపోతే కొత్త కాయిల్ డబ్బులు మిగిలినట్టు.

షెడ్డుకెళ్లాక ఇలా...

మంచి మెకానిక్‌కు మన మాటే సగం పరీక్ష. 'బండి బాగాలేదు' అని కాకుండా ఎప్పుడు మొదలైంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎగువలోనా చదునులోనా, ఏసీ వేస్తేనా, కొత్తగా పెట్రోలు పోయించాకా... ఇవి చెప్పండి. లైటు వెలిగినప్పుడు పక్కన ఉన్నవాళ్లతో ఫోనులో ఫొటో తీయించండి. కోడ్ చెరిపే ముందు కాగితం మీద రాయించుకోండి. చెరిపేస్తే ఆ క్షణాన ఇంజిన్ వేడి, వేగం ఎంతున్నాయో రాసుకున్న వివరాలు కూడా పోతాయి. ఏదైనా భాగం మార్చాలంటే 'పరీక్షించే చెబుతున్నావా అన్నా?' అని ఒక్క మాట అడగండి. అందులో చిన్నబుచ్చడమేమీ లేదు. తీసేసిన పాత భాగం చూపించమనండి.

తప్పు ఎప్పుడూ మనదో, మెకానిక్‌దో కానక్కర్లేదు కూడా. 2020 జూన్‌లో హోండా 65,651 కార్లను, జులైలో మారుతి 1,34,885 వ్యాగన్-ఆర్, బాలెనో కార్లను వెనక్కి పిలిచాయి. రెండుచోట్లా అనుమానం ఇంధన పంపు మీదే. అలాంటి మరమ్మతుకు కంపెనీ డబ్బు తీసుకోదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి గురించి పాత యజమానికి వెళ్లిన కబురు మనదాకా రాదు. ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లోనో, సర్వీస్ సెంటర్‌లోనో అడిగితే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ అన్నాం కాబట్టి ఇంకొక్క మాట. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచితే ఇంజిన్ లైటు, ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు వెలగాలి. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే బండి ఆరోగ్యంగా ఉందని మురిసిపోవద్దు. బల్బు మాడిపోయి ఉండొచ్చు, అమ్మేవాళ్లు పీకేసి ఉండొచ్చు కూడా. ఆయిల్ అయిపోయినా చెప్పే దిక్కులేని బండిలో ఇంటిల్లిపాదినీ ఎక్కిస్తున్నట్టు లెక్క.

ఈరోజు ఆదివారమే కదా... ఇంటి ముందున్న బండి తాళం ఒక్క మెట్టు తిప్పి, ఏయే లైట్లు వెలిగాయో, స్టార్ట్ చేశాక ఏవి ఆరాయో చూడండి. నిమిషం కూడా పట్టదు. ఆరకుండా ఏదైనా మిగిలిందా, రేపు పొద్దున్నే షెడ్డుకు బయల్దేరండి!