సర్దుకుంటుందిలెండి!

మా అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడాల్లో ఏ నలుగురు ఆడవాళ్ళు కలిసినా, వాళ్ళ పిల్లల్లో ఒకరైనా చలిదేశంలో ఉండే ఉంటారు. ఆగస్టు దగ్గర పడిందంటే పచ్చళ్ళు, పొళ్ళు, కుక్కరు, స్వెట్టర్లు - 23 కిలోల పెట్టెలు రెండు తూచి తూచి సర్దుతాం. పాదాల సంగతి మాత్రం ఆఖరి రోజుకి. చెప్పుల షాపుకెళ్ళి "కాస్త మందమైన సోలివ్వవయ్యా" అంటే సరి! నా పోట్లాటంతా ఆ మందంతోనే.

మొన్న ఒక షాపులో (పేరెందుకు లెండి) మా మేనకోడలి బూటులోకి లావుపాటి స్పాంజి సోలు దూర్చాడతను. అక్కడ కాలేజీకి సైకిలు మీదే వెళ్ళాలిట. "వేళ్ళు కదలడం లేదత్తా" అంది పిల్ల. "సర్దుకుంటుందిలెండి" అన్నాడతను. "అవును, సర్దుకుంటుంది" అంది మా వదిన కూడా!

ఏమిటండీ సర్దుకునేది? బూటు బిగిస్తే నెత్తురాడదు. నెత్తురాడకపోతే పాదానికి వెచ్చదనం ఎక్కణ్ణించి వస్తుంది? సోలు వేడి పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. అదైనా స్పాంజి గొప్ప కాదు, అందులో చిక్కుకున్న గాలిది. ఇదేమన్నా మనకి తెలియని శాస్త్రమా? అణిగిపోయిన పరుపుని దూదేకులతను ఏకి ఇచ్చిన రాత్రి ఎంత వెచ్చగా ఉంటుంది! దూది పాతదే, గాలి చేరింది. వేలితో నొక్కితేనే అణిగే స్పాంజి మనిషి బరువుకి ఆగుతుందా? ఉన్నిని దట్టంగా అదిమి చేసిన ఫెల్టో, బెండో అయితే పల్చగా ఉన్నా అణగదు. ఇక తళతళలాడే వెండిరేకు సోళ్ళున్నాయి. రేకు వేడిని తిప్పికొట్టాలంటే ఎదురుగా కాస్త ఖాళీ ఉండాలి. పాదం కింద నలిగేచోట ఖాళీ ఎక్కడిది? వట్టి అలంకారం.

సైకిలు వాళ్ళకి ఇంకో చిక్కు. నడిచేవాళ్ళ పాదం అడుగడుక్కీ వంగుతుంది, పెడలు మీద పాదం అంతగా వంగదు. పైగా ఎదురుగాలంతా మునివేళ్ళకే. కొన్ని సైకిలు బూట్ల అడుగున పెడలుని పట్టుకునే లోహపు ముక్క ఉంటుంది, వేడంతా అందులోంచి జారిపోతుంది. కనక ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, పాత సోలు తీసేసి కొత్తది వేసి, అప్పుడు బూటు చూడాలి. లోపల వేళ్ళు ఆడకపోతే బూటే పెద్దది కొనాలి. రాత్రిపూట సోలు బయటికి తీసి ఆరబెట్టాలి. చెమ్మ ఉంటే ఎంత మంచి సోలైనా దండగే.

మన ఊళ్ళో 1946 జనవరిలో 6.1 డిగ్రీలకి దిగితే అదే రికార్డయి కూర్చుంది. చికాగోలో జనవరి రాత్రులు మామూలుగానే సున్నాకి దిగువన. అక్కడ వేలు మొద్దుబారితే నొప్పి తెలియదు, అదే ప్రమాదం. చలికి కండ గడ్డకట్టి వేళ్ళే పోగొట్టుకున్నవాళ్ళున్నారు. చక్కెర జబ్బుతో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి.

అదేం చోద్యమోగాని, అబ్బాయికి బూటు బిగిస్తే ఇంకో జత చూపించమంటాం. అమ్మాయికి బిగిస్తే సర్దుకోమంటాం. బూటు దగ్గర కూడానా!

సరైన సోలు ఇక్కడ దొరక్కపోతే అక్కడే కొనుక్కోమని డబ్బు చేతిలో పెట్టండి. బూట్లు బరువంటారా? కాళ్ళకి తొడుక్కుని విమానమెక్కితే తూకంలోకి రావు. అప్పటికీ పెట్టె మూత పడకపోతే ఒక గోంగూర సీసా తీసెయ్యండి.