ఎర్ర ఇటుకేనా అండీ?

మాదాపూర్, కొండాపూర్ వైపు ఫ్లాట్ చూడ్డానికెళ్తే మనవాళ్ళు గోడ తట్టి మరీ అడుగుతారిది. "కాదండీ, సిమెంటు బ్లాకులు" అనగానే మొహాలు ముడుచుకుంటాయి. పొలాల పైమట్టి తవ్వి కాల్చే ఇటుక కంటే బ్లాకులే నయమంటాన్నేను.

2004లో కలాం గారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ హైటెక్ సిటీ పక్కనే ఉంది. ఆర్కిటెక్టులకీ బిల్డర్లకీ సదస్సులకేం లోటు లేదు. మరి మేస్త్రీకి చెప్పేదెవరు? మట్టి ఇటుకని నానబెట్టి కట్టడం ఆయన అలవాటు. బ్లాకునీ అలాగే నానబెడితే, గోడలో ఆరుతూ కుంచించుకుపోయి పగుళ్ళొస్తాయి. అసలు బ్లాకు పోశాక రెండు వారాలు తడిపి, ఆపైన నీడలో బాగా ఆరాకే వాడాలి. (బిల్డర్ల డెడ్‌లైన్లూ మనవాటిలాంటివే, ముందు డెలివరీ!)

ఇరవయ్యేళ్ళు లోను కట్టేది మనం. బుక్ చేసేముందు ఓసారి సైటుకెళ్ళి, బ్లాకులు ఎన్నాళ్ళు ఆరాయో, తొట్టెలో ముంచుతున్నారేమో చూడండి.